ద్రవ్యలోటు శాతం ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

కేంద్ర బడ్జెట్ వచ్చిన మర్నాడు పత్రికలన్నీ ద్రవ్యలోటును, అంటే ప్రభుత్వ ఖర్చుకూ అప్పులు కాక వచ్చే రాబడికీ ఉన్న తేడాను, జీడీపీలో శాతంగా పతాక శీర్షికల్లో ఇస్తాయి. 2025-26 బడ్జెట్‌లో ఆ అంచనా 4.4 శాతం, రూపాయల్లో దాదాపు 15.69 లక్షల కోట్లు. 2020-21లో 9 శాతం దాటిన లోటు ఇంతకు దిగిరావడం మెచ్చదగినదే. అయితే ఆ లెక్కలో ఏ అప్పును చేర్చారో, దేనిని బయట ఉంచారో కూడా పాఠకులకు తెలియాలి.

భారత ఆహార సంస్థ విషయమే తీసుకోండి. మద్దతు ధరకు సేకరించిన ధాన్యాన్ని చౌకగా పంపిణీకి ఇచ్చినందుకు ఆ సంస్థకు కలిగే నష్టాన్ని ఆహార సబ్సిడీ రూపంలో కేంద్రమే భరించాలి. కానీ 2016-17 నుంచి కొన్నేళ్లపాటు ఆ సొమ్మును పూర్తిగా బడ్జెట్ నుంచి చెల్లించకుండా, జాతీయ చిన్న మొత్తాల పొదుపు నిధి నుంచి, అంటే జనం పోస్టాఫీసుల్లో దాచుకున్న డబ్బు నుంచి, సంస్థ చేత అప్పు తీయించారు. తీర్చవలసింది కేంద్రమే అయినా అప్పు సంస్థ పేరున ఉన్నందువల్ల అది లోటులోకి రాలేదు. 2018-19 లోటు 3.4 శాతమేనని చదివి ఊరట చెందినవారిలో ఎందరికి ఈ సంగతి తెలుసు? ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ నివేదికలు ఎత్తిచూపిన ఈ పద్ధతికి 2020-21 సవరించిన అంచనాల్లో స్వస్తి పలికి, పాత అప్పు తీర్చడానికి బడ్జెట్‌లోనే కేటాయింపు చూపారు. కరోనా కాలపు ఉచిత ధాన్యం ఖర్చు కూడా తోడై, మొదట 1.15 లక్షల కోట్లుగా ఉన్న ఆహార సబ్సిడీ అంచనా 4.22 లక్షల కోట్లకు చేరింది. ఆలస్యంగానైనా చేసిన మంచి పనే ఇది. కానీ ఆ ఏటి లోటులో పాత బాకీల వాటా ఉంది కాబట్టి, తర్వాతి తగ్గుదల మొత్తాన్నీ పొదుపుగా లెక్కవేయలేము.

రాష్ట్ర బడ్జెట్ల నుంచి తీర్చే కార్పొరేషన్ల అప్పులను 2022లో కేంద్రం రాష్ట్రాల రుణ పరిమితిలో కలిపి చూడడం మొదలుపెట్టినప్పుడు తెలంగాణ ప్రభుత్వం గట్టిగా అభ్యంతరం చెప్పింది. నిబంధన సరైనదేనని నా అభిప్రాయం. అంతకుముందే తానూ అదే దారిలో నడిచిన కేంద్రం చెప్పడం వల్లనే దాని బరువు కొంత తగ్గింది.

2025-26లో వడ్డీ చెల్లింపుల అంచనా 12.76 లక్షల కోట్లు, అంటే ద్రవ్యలోటులో నూటికి ఎనభై పాళ్లకు పైగా. రోజువారీ ఖర్చులకు రాబడి చాలక ఏర్పడే రెవెన్యూ లోటు జీడీపీలో 1.5 శాతం. వచ్చే బడ్జెట్ నాడు మీ పత్రిక ద్రవ్యలోటు పక్కనే ఈ రెండింటినీ, బడ్జెట్ పత్రాల్లో ప్రత్యేకంగా ఇచ్చే బడ్జెటేతర రుణాల (ఆహార సంస్థ అప్పులాగా లోటులోకి రాని అప్పుల) పట్టికనూ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక విశ్రాంత కామర్స్ అధ్యాపకుడు, హనుమకొండ