వోల్టు వేరు, ఆంపియరు వేరు

సంపాదకులకు నమస్కారములు.

మన ఇళ్లలో ‘కరెంటు’ అన్న ఒక్క మాటతోనే అన్నీ సరిపెట్టుకుంటాం. సరఫరా ఆగితే కరెంటు పోయిందంటాం, ఫ్యాను మెల్లగా తిరిగితే కరెంటు తక్కువగా వస్తోందంటాం, నెల తిరిగేసరికి కట్టేదీ కరెంటు బిల్లే. మాట్లాడుకోవడానికి ఇందులో ఇబ్బంది లేదు. కానీ తీగ రెండు కొనల మధ్య ఉండి ప్రవాహాన్ని తోసే వోల్టేజీనీ (దీన్ని వోల్టుల్లో కొలుస్తాం), ఆ తీగలో పారే విద్యుత్ ప్రవాహాన్నీ (దీన్ని ఆంపియర్లలో కొలుస్తాం) ఒకే పేరుతో పిలవడం వల్ల ఆ రెండింటినీ విడదీసి లెక్క చూసుకునే అలవాటు మనకు అబ్బలేదని, చాలా ఏళ్లు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పిన నాకు గట్టిగా అనిపిస్తుంది.

పోయిన చలికాలంలో మా తమ్ముడి ఇంట్లో ఉన్నప్పుడు, తెల్లవారుజామున ప్లాస్టిక్ మాడుతున్న వాసనకు మెలకువ వచ్చింది. స్నానాల గది బయట బకెట్టులో వేసిన 1500 వాట్ల హీటర్ రాడ్డుకు ఉండవలసిన పెద్ద ప్లగ్గు తీసేసి, చిన్న ప్లగ్గు బిగించి, దాన్ని 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టారు. మెయిన్ ఆపి, ప్లగ్గు చల్లారాక లాగి చూస్తే ఒక పిన్ను నల్లబడి ఉంది; అది దూరే రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడి గుంటలా దిగిపోయింది. పదో తరగతి చదివే మనవణ్ణి పిలిచి, 1500 వాట్లను ఇంటి సరఫరా వోల్టేజీ అయిన 230తో భాగించమన్నాను. ఆరున్నర ఆంపియర్లని క్షణంలో చెప్పాడు. బాక్సు మీద 6 ఆంపియర్లని అచ్చు వేసి ఉందని చూపించేదాకా, ఆ జవాబుకూ ఈ బాక్సుకూ సంబంధం ఉందని వాడికి తట్టలేదు. అటువంటి లెక్కలు వాడి నోటుపుస్తకంలో ఇరవై దాకా ఉన్నాయి.

అరఆంపియరు ఎక్కువైనంత మాత్రాన ప్లాస్టిక్ కరుగుతుందా అని వాడు అడిగిన ప్రశ్న మంచిది. అసలు దోషం సాకెట్టులో వదులైన రేకులది. వదులుగా తగిలే చోట ప్రవాహానికి అడ్డు, అంటే నిరోధం, అర ఓమ్ ఏర్పడిందనుకుందాం (నిరోధాన్ని ఓమ్‌లలో కొలుస్తాం). ప్రవాహాన్ని ప్రవాహంతోనే హెచ్చించి, దాన్ని నిరోధంతో హెచ్చిస్తే అక్కడ పుట్టే వేడి తెలుస్తుంది: ఆరున్నరను ఆరున్నరతో, ఆపైన అరతో హెచ్చిస్తే 21 వాట్లు. రేడియో మెకానిక్కు సీసం కరిగించే చిన్న సోల్డరింగ్ ఐరన్ సుమారు 25 వాట్లది. దాదాపు అంత వేడి గోరంత చోట, గాలి ఆడని ప్లాస్టిక్ డబ్బాలో, అరగంట సేపు నిలిచిందన్నమాట.

అదే రాడ్డు నిరోధం కావాలంటే 230ని ఆరున్నరతో భాగించాలి. సుమారు 35 ఓమ్‌లు వస్తుంది. వోల్టేజీ 170కి పడిపోయినప్పుడు ఈ నిరోధం పెద్దగా మారదు కనుక ప్రవాహమూ అదే నిష్పత్తిలో తగ్గుతుంది, రాడ్డు 820 వాట్ల దగ్గర పనిచేస్తుంది. వోల్టేజీ పావు వంతు తగ్గితే వేడి సగానికి దగ్గరగా పడిపోవడానికి కారణం, వోల్టేజీ తగ్గుదల ఈ లెక్కలో రెండుసార్లు పడటమే.

రైతు సోదరులు మోసపోయేది ఇక్కడే. లో వోల్టేజీ ఉన్నప్పుడు ‘కరెంటు తక్కువగా ఉంది, మోటారు మెల్లగా లాగుతుందిలే’ అని స్టార్టరు వేస్తారు. మోటారు హీటర్ రాడ్డులాంటిది కాదు. పైకి తోడవలసిన నీటి బరువు తగ్గలేదు కనుక, వోల్టేజీలో తగ్గినదాన్ని పూరించుకోవడానికి అది మరిన్ని ఆంపియర్లు లాగుతుంది. ప్రవాహం ఐదో వంతు పెరిగినా చుట్టల్లో వేడి దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. వార్నిషు మాడి, కాయిలు కాలి, నడి పంటలో రీవైండింగు షాపు దగ్గర పడిగాపులు పడవలసి వస్తుంది. వోల్టును ఆంపియరుతో హెచ్చిస్తే వాట్లన్న సూత్రం కూడా మోటారుకు ఉన్నదున్నట్లు పనికిరాదు. పవర్ ఫ్యాక్టరుతో, అంటే ఆ హెచ్చింపులో నిజంగా వినియోగమయ్యే వంతుతో, కూడా హెచ్చించాలి; త్రీ ఫేజ్ అయితే మూడుకు వర్గమూలంతోనూ హెచ్చించాలి. ఈ తేడాను చెప్పకుండా సూత్రం మాత్రమే వల్లె వేయించడం పిల్లలకు మనం చేస్తున్న అన్యాయం.

పాతకాలపు 100 వాట్ల బల్బు మరొక ఉదాహరణ. 230ని 230తో హెచ్చించి 100తో భాగిస్తే, లెక్క ప్రకారం దాని నిరోధం 529 ఓమ్‌లు. బల్బును హోల్డరు నుంచి తీసి మల్టీమీటరు పెడితే 40కి అటూ ఇటూ చూపిస్తుంది. మీటరుదీ తప్పు కాదు, లెక్కదీ తప్పు కాదు. ఫిలమెంటు తెల్లగా కాగినప్పటి నిరోధం వేరు, చల్లగా ఉన్నప్పటిది వేరు. వోల్టేజీ, ప్రవాహం ఒకే నిష్పత్తిలో మారతాయన్న ఓమ్ నియమాన్ని ఉష్ణోగ్రత స్థిరంగా ఉంటేనన్న షరతుతో ఎందుకు చదవాలో ఈ ఒక్క కొలతతో పిల్లలకు అర్థమవుతుంది. 1827లో ఆ నియమాన్ని పుస్తకంగా ప్రకటించిన గేయార్గ్ ఓమ్ కూడా బడిలో పాఠాలు చెప్పినవాడే. ఆనాటి బ్యాటరీల వోల్టేజీ నిలకడగా ఉండక కొలతలు తప్పుతుంటే, రెండు లోహాల అతుకును వేడిచేసి పుట్టించిన స్థిరమైన వోల్టేజీతో తన ప్రయోగాలు చేశాడు.

అందుచేత విద్యాశాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం చేస్తున్నాను. పదో తరగతిలో విద్యుత్ పాఠం చెప్పే వారంలో ప్రతి విద్యార్థినీ ఇంట్లోని ఇస్త్రీపెట్టె, మిక్సీ, గీజరు మీది రేటింగు (ఎన్ని వోల్టులు, ఎన్ని వాట్లు అన్న ముద్ర) రాసుకురమ్మనాలి. ఏది ఎన్ని ఆంపియర్లు లాగుతుందో, అది పెట్టిన సాకెట్టు ఎన్ని ఆంపియర్లకు తట్టుకుంటుందో పక్కపక్కన వేయించాలి. టార్చి సెల్లులు, నిక్రోమ్ తీగ, అమ్మీటరు, వోల్టుమీటరుతో కనీసం ఒకసారైనా ప్రతి పిల్లవాడూ స్వయంగా నిరోధం కొలవాలి. ఇంటి సరఫరా జోలికి మాత్రం పిల్లలను వెళ్లనివ్వకూడదు. మీరు విద్యార్థుల కోసం పేజీ కేటాయించే రోజుల్లో ఇటువంటి రేటింగు చీటీ బొమ్మ ఒకటి వేసి దాని మీద లెక్క ఇస్తే, జవాబులు సరిచూసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
తెనాలి