ఐస్ పెట్టె ఖాళీ చేసిన ఆ పడవాయనకు

అందరికీ నమస్కారం. మేం క్షేమం. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం, హ్యూస్టన్ పడమటి శివారు కేటీలో మా ఇల్లు హార్వీ తుపాను వరదలో మునిగింది, మనుషులం మిగిలాం. ఫోన్లు చేసినవారికి, సందేశాలు పెట్టినవారికి విడివిడిగా జవాబు ఇవ్వలేకపోతున్నాను, ఏమీ అనుకోకండి. రెండు చేతులూ బొబ్బలే. నానిపోయిన గోడపలకలను నడుము ఎత్తు వరకు కోసి ఇంటి ముందు కుప్ప పోశాం. వీధి పొడవునా ఇవే కుప్పలు. పరుపులు, బీరువాలు, ఉబ్బి పగిలిన బియ్యం సంచులు, పిల్లల పుస్తకాలు. ఒళ్లు తేరుకున్నాక రాద్దామంటే అప్పటికి పద్ధతిగా నాలుగు ముక్కలు రాసి ఊరుకుంటాను. అందుకే ఈ కృతజ్ఞతలు ఇప్పుడే రాస్తున్నాను.

మా వారు, తమ్ముడు, ఆస్టిన్ నుంచి ట్రక్కు వేసుకుని వచ్చిన ఆడపడుచు కుటుంబం... వీళ్లకు వేరే చెప్పేదేముంది? మనవాళ్లు, చేశారు. మధ్యలో నా చేత తిట్లు కూడా తిన్నారు.

ఈ హార్వీ మొదట మమ్మల్ని భయపెట్టనే లేదు. 2017 ఆగస్టు రెండో వారంలో ఆఫ్రికా తీరం నుంచి బయల్దేరిన ఏదో గాలి అల అన్నారు. 17న బార్బడోస్ దగ్గర దానికి పేరు పెట్టారు. కరేబియన్ దాటేలోపే చప్పబడింది. పేరు ఉంది, తుపాను లేదు. టీవీ వాళ్లూ వదిలేశారు, మేమూ వదిలేసి చవితి పత్రి ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కున్నాం. మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పం దాటి మెక్సికో గల్ఫ్‌లో కాగిన నీళ్ల మీదికి వచ్చాక దానికి మళ్లీ ప్రాణం వచ్చింది. 23న వాయుగుండం. 25 రాత్రికి నాలుగో కేటగిరీ హరికేన్, అంటే ఐదు మెట్ల తీవ్రతలో నాలుగో మెట్టు. టెక్సస్ తీరంలో రాక్‌పోర్ట్ దగ్గర గంటకు 215 కిలోమీటర్ల గాలితో తీరం దాటింది. ఆ రోజే వినాయక చవితి. మా ఇంట్లో ఉండ్రాళ్లు, పూజ అన్నీ సవ్యంగానే జరిగాయి.

తీరం దాటిన తుపాను లోపలికి వెళ్లి నీరసించాలి. ఇది నీరసించింది గానీ వెళ్లలేదు. రెండు పక్కలా అధిక పీడనం, తోసే గాలి లేదు. టెక్సస్ మీదే తిష్ఠ వేసి, గల్ఫ్ నుంచి తేమ తోడుకుంటూ రోజుల తరబడి కుమ్మరించింది. కొన్నిచోట్ల 50 అంగుళాలు దాటింది, అంటే 127 సెంటీమీటర్లు. హైదరాబాద్‌లో ఏడాది మొత్తానికి కూడా అంత పడదు.

మా అత్తయ్యగారిది దివిసీమ. 1977 ఉప్పెన కళ్లారా చూసిన మనిషి. గడప దగ్గర కుర్చీ వేసుకుని నీళ్లు చూస్తూ, "ఉప్పెన అయితే ఒక్క పెట్టున మీద పడుతుందమ్మా. ఇది చెప్పి మరీ వస్తోంది" అన్నారు. నిజంగానే చెప్పి వచ్చింది. మురుగు కాలువలు వెనక్కి తన్ని, ముందు వీధి, తర్వాత పచ్చిక, తర్వాత గడప. మాది మేడ లేని ఇల్లు. కరెంటు పోయింది. ఆవిడ ఇన్సులిన్ సీసాలు ఐస్ అయిపోయిన గిన్నెలో ఉన్నాయి. అత్యవసర నంబరు కలవదు, కలిస్తే పాట వినిపిస్తుంది.

29న, మంగళవారం, సన్నగా ముసురు పడుతుండగా వచ్చాడాయన. చదునైన అల్యూమినియం పడవ, బాతుల వేటకు వాడేదట. పక్క రాష్ట్రం లూసియానాలో లేక్ చార్లెస్ వైపు నుంచి దాన్ని ట్రక్కు వెనక కట్టుకుని వచ్చారు. ఎవరూ పంపలేదు, ఎవరూ పిలవలేదు. అరవై దాటిన మనిషి. మోకాలి లోతు నీళ్లలో నడిచి మా హాల్లోకి వచ్చి, మందులు తీసుకున్నారా, పాస్‌పోర్టులు తీసుకున్నారా అని అడిగారు. తర్వాత, ఫోటోలు ఎక్కడ అన్నారు. 2005లో రీటా తుపాను వచ్చినప్పుడు ఆయన ఇల్లు పోయిందట. మిగతావన్నీ మళ్లీ కొనుక్కున్నాం, అవి మాత్రం దొరకవు అంటూ అల్మరా పై అరలో ఉన్న మా పెళ్లి ఆల్బంలు ఆయనే అందుకున్నారు.

అత్తయ్యగారు మాత్రం కదల్లేదు. వంటగట్టు మీద మట్టి వినాయకుడు ఉన్నాడు, జానెడు బొమ్మ. నిమజ్జనం కాలేదు, వదిలి ఎలా వస్తానంటారు. వానలో తెచ్చుకుంటే దారిలోనే కరిగిపోతాడు. పక్కింటివాళ్లు ఎదురుచూస్తున్నారు, ఈ పేచీ ఏమిటని నాకు తల కొట్టేసినట్టయింది. ఇంగ్లీషులో ఏదో సర్దిచెప్పబోయాను. ఆయన పూర్తిగా వినలేదు. పడవలో ఉన్న తన ఐస్ పెట్టె మూత తీసి, నీళ్ల సీసాలు, తన భోజనం పడవ అడుగున పెట్టేశారు. తువ్వాలుతో లోపల తడి తుడిచి, మడిచిన పొడి చొక్కా ఒకటి పరిచి, పెట్టెను ఆవిడ ముందుకు జరిపారు. దేవుణ్ణి తాను ముట్టుకోలేదు. మూత ఆవిడ చేతనే వేయించారు. తర్వాత నీళ్లలో ఒక మోకాలు వంచి, ఆవిడ కాలు పెట్టి పడవ ఎక్కడానికి తొడను మెట్టు చేశారు. ఎర్రచీమలు ఉండలు కట్టి నీటి మీద తేలుతూ ఆయన వీపు పక్కనుంచే పోతున్నాయి.

ఇల్లు మునుగుతుంటే ఏడవని నేను అప్పుడు ఏడ్చాను. ఇప్పుడూ ఏడుస్తూనే రాస్తున్నాను.

పడవలో ఉండగా ఆయనకు భార్య ఫోన్ చేశారు. హార్వీ మళ్లీ గల్ఫ్‌లోకి వెళ్లింది కదా, ఇప్పుడు తమ వైపే వస్తోందని. వెళ్లిపోండి, మీ ఇల్లు చూసుకోండి అన్నాను. ఈ వీధి అయిపోయాక వెళ్తానన్నారు. డబ్బు తీసుకోలేదు, పెట్రోలుకు కూడా. అత్తయ్యగారు పెట్టిన సున్నుండ మాత్రం నోట్లో వేసుకుని, ఇంకొకటి ఉందా అని అడిగారు. మర్నాడు తెల్లవారుజామున హార్వీ లూసియానాలో కామెరన్ దగ్గర తీరం దాటింది. ఆయన ఏమయ్యారో తెలియదు, పేరు అడగాలన్న ధ్యాస కూడా లేకపోయింది. ఆయన లైఫ్ జాకెట్ ఒకటి మా దగ్గర ఉండిపోయింది. ఆ వైపు మనవాళ్లు ఎవరైనా ఉంటే వాకబు చేసి పెట్టండి.

ఒక మాట చెప్పకపోతే నాకు కడుపుమంట తీరదు. మా వీధి బార్కర్ జలాశయం వెనక ఉంది. ఊరిని కాపాడటానికి 1940లలో కట్టిన మట్టి ఆనకట్ట అది. నీళ్లు నిండితే నిలవడానికి కావలసిన భూమి మొత్తం ప్రభుత్వం అప్పట్లో కొనలేదు. మిగిలిన దానిలో ఇళ్లు కట్టుకోనిచ్చారు. అంటే మా పడకగది కాగితం మీద జలాశయంలో భాగం! కొన్నప్పుడు అమ్మినవాడు చెప్పలేదు, అప్పు ఇచ్చినవాడు చెప్పలేదు. వరద ముప్పు ప్రాంతం కాదు, వరద బీమా అక్కర్లేదన్నారు. ఇంటి బీమా వాళ్లు ఇప్పుడు, పైకప్పు నుంచి కారితే ఇస్తాం, నేల నుంచి వస్తే ఇవ్వం అంటున్నారు. సహాయానికి దరఖాస్తు పెడితే ఇంటి ఫోటోలు స్పష్టంగా లేవని తిప్పి పంపారు. కరెంటు లేని ఇంట్లో ఎంత స్పష్టంగా తీయాలో వాళ్లే చెప్పాలి.

నేను ఇది రాస్తున్న 2017 సెప్టెంబరు మొదట్లో ఇర్మా అనే మరో తుపాను ఫ్లోరిడా వైపు వెళ్తోంది. టాంపా, ఓర్లాండో మనవాళ్లూ, పొమ్మంటే ముందే బయల్దేరండి. ఆల్బంలు కారులో పెట్టుకోండి.

అయ్యో, గుడి వంటశాలలో పెరుగన్నం పొట్లాలు కట్టినవారిని మరిచాను, వాళ్లకు దండాలు. సీసాలు చూసి మారుమాట లేకుండా కొత్త ఇన్సులిన్ ఇచ్చిన మందుల షాపు అమ్మాయికి కూడా. గోడలు కోయడానికి వచ్చిన యూనివర్సిటీ పిల్లలకు, ముఖ్యంగా మా ఫ్రిజ్ తలుపు తెరవకుండా తాడు కట్టి మోసుకుపోయిన ఆ ఇద్దరికీ (లోపల చవితి నాటి పప్పు ఉంది, బాబూ, క్షమించండి). వేడినీళ్ల స్నానానికి పిలిచిన ఎదురింటి మెక్సికో ఆవిడకు. ఇంకా ఎవరినైనా వదిలేస్తే కింద రాయండి, కలుపుతాను.