బొగ్గు ఊళ్ల వాటా బొగ్గు ఊళ్ల మనుషులకే అందాలి

సంపాదకుడికి,

దసరా ముందు సింగరేణి లాభాల వాటా ప్రకటన రాగానే పత్రికలన్నీ మొదటి పేజీలో వేస్తాయి. వేయాల్సిందే. 2024లో పెట్టుబడులకు పక్కన పెట్టగా మిగిలిన లాభంలో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు కార్మికులకు పంచారు. సగటున ఒక్కొక్కరికి లక్షా 90 వేలు వచ్చింది. కాంట్రాక్టు కార్మికులకు కూడా మొదటిసారి తలా 5 వేలు ఇచ్చారు. ఇదే బొగ్గు మీద ఇంకో వాటా కూడా ఉంది. అది గనుల చుట్టూ ఉన్న ఊళ్లది. దాని గురించి అడిగేవాళ్లు తక్కువ, రాసేవాళ్లు ఇంకా తక్కువ.

2015లో గనుల చట్టాన్ని సవరించి, గనులున్న ప్రతి జిల్లాలో ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు పెట్టాలన్నారు. మా వైపు అందరూ డీఎంఎఫ్‌టీ అంటారు. ఆ ఏడాది జనవరి 12కి ముందు ఇచ్చిన లీజులైతే, గని నడిపేవారు ప్రభుత్వానికి రాయల్టీ, అంటే తీసిన ఖనిజానికి కట్టే రుసుము, కట్టడమే కాకుండా అందులో 30 శాతానికి సమానమైన సొమ్మును ఈ ట్రస్టుకు విడిగా జమ చేయాలి. బొగ్గుకు రాయల్టీ ధరలో 14 శాతం. లెక్క వేసుకుంటే వంద రూపాయల బొగ్గుకు 4 రూపాయల 20 పైసలు. సింగరేణి ఏటా తీసే బొగ్గు దాదాపు 7 కోట్ల టన్నులు, గనుల్లో చాలావరకు పాతవే. అంటే భద్రాద్రి కొత్తగూడెం, మంచిర్యాల, పెద్దపల్లి, భూపాలపల్లి లాంటి జిల్లాలకు ఇది చిన్న మొత్తం కాదు. గనుల వల్ల నష్టపోయిన మనుషుల కోసం, ప్రాంతాల కోసం ఈ సొమ్ము వాడాలని చట్టమే చెబుతోంది.

1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు 40 వేల దగ్గరికి వచ్చారు. బొగ్గు మాత్రం అప్పటికి దాదాపు మూడు రెట్లు వస్తోంది. భూగర్భ గనులు ఒక్కొక్కటీ మూతపడుతూ వాటి స్థానంలో నేలను పైనుంచే తవ్వేసే ఓపెన్‌కాస్టు గనులు (ఓసీలు) వచ్చాయి. భూగర్భ గని నడిచిన రోజుల్లో ప్రమాదమూ జబ్బూ ఏ ఇంటికి వచ్చాయో జీతం, క్వార్టరు, కంపెనీ ఆస్పత్రి కూడా ఆ ఇంటికే వచ్చేవి. ఓసీ వచ్చాక ఆ లెక్క తప్పింది. భూమి పోయింది ఒకరికి, ఉద్యోగం వచ్చింది ఇంకొకరికి. కంపెనీ ఆస్పత్రి ప్రధానంగా ఉద్యోగుల కోసం. పక్క ఊళ్లో పత్తి వేసుకునే రైతు, లారీల దారిలో టీ కొట్టు నడిపే ఆడమనిషి, కూలికి పోయే కోయ కుటుంబం ఎవరి లెక్కలోనూ ఉండరు. దుమ్ము, బ్లాస్టింగ్ మోత, ఎండిన బోర్లు మాత్రం అందరి కంటే ముందు వాళ్లకే. వీళ్లకు నేరుగా అందగలిగిన డబ్బు ఏదైనా ఉందంటే అది డీఎంఎఫ్‌టీయే. అందుకే అది ఎక్కడ ఖర్చవుతోందో ఇంత పట్టుబట్టి అడగాల్సి వస్తోంది.

నేను గని దగ్గర ఊళ్లో చాలాకాలం పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. ఈ నిధులతో మా చుట్టుపక్కల కనబడే పనులు ఎక్కువగా సీసీ రోడ్లు, డ్రెయిన్లు, కమ్యూనిటీ హాళ్లు, ప్రహరీ గోడలు. కాంక్రీటు పని తొందరగా మంజూరవుతుంది, తొందరగా పూర్తవుతుంది, శిలాఫలకం మీద పేరు పడుతుంది. మా దగ్గరి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రంగులు వేశారు, గేటు పెట్టారు. దగ్గుతో వచ్చిన ముసలాయనకు ఎక్స్‌రే కావాలంటే ఇప్పటికీ ఆటో మాట్లాడుకుని పట్నం పోవాలి. కూలి పోతుంది, ఆటో కిరాయి పోతుంది, అందుకే చాలామంది అసలు పోనే పోరు. జబ్బు ముదిరాకే తెలుస్తుంది.

నిబంధనలు ఇలా ఖర్చు పెట్టమని చెప్పలేదు. 2015లో కేంద్రం ప్రకటించిన ప్రధాన మంత్రి ఖనిజ క్షేత్ర కల్యాణ్ యోజన ప్రకారం కనీసం 60 శాతం డబ్బు తాగునీరు, కాలుష్య నియంత్రణ, వైద్యం, చదువు, స్త్రీ శిశు సంక్షేమం, వృద్ధులు, వికలాంగులు, నైపుణ్య శిక్షణ, పారిశుధ్యం లాంటి వాటికే పోవాలి. 2024 జనవరిలో దాన్ని 70 శాతానికి పెంచారు. గనికి 15 కిలోమీటర్ల లోపు ఊళ్లను నేరుగా ప్రభావితమైనవిగా లెక్కించి, 70 శాతం సొమ్ము అక్కడే వాడాలన్నారు. వైద్యం గురించి రాసిన చోట, భవనాలు కట్టి వదిలేయకుండా సిబ్బంది, పరికరాలు, మందులు కూడా సమకూర్చాలని 2015 నుంచే స్పష్టంగా ఉంది. గని బాధితులకు గ్రూపు ఆరోగ్య బీమా కూడా చేయించవచ్చు. అంటే ఎక్స్‌రే మిషనుతో పాటు దాన్ని నడిపే టెక్నీషియన్ జీతం కూడా ఈ నిధిలోంచి ఇవ్వడానికి దారి ఉంది. ఆ దారిలో నడవడం లేదన్నదే నా బాధ.

రోడ్లు వద్దా అని కొందరు అడుగుతారు. కావాలి. గుంతల్లో అంబులెన్సు ఇరుక్కుంటే ఏం జరుగుతుందో మాకు తెలుసు. కానీ రోడ్లకు ఆర్ అండ్ బీ ఉంది, పంచాయతీరాజ్ ఉంది, వాటికి బడ్జెట్లున్నాయి. ఆ శాఖలు పెట్టాల్సిన ఖర్చును ఈ ట్రస్టు మీదకు తోస్తే, గని వల్ల జబ్బు పడ్డ మనిషికి మిగిలేదేమిటి? బొగ్గు లారీలు పాడుచేసిన రోడ్డును బాగుచేయడం కూడా బాధితుల ఖాతాలోనే రాయడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఏజెన్సీ మండలాల సంగతి వేరే చెప్పాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో డీఎంఎఫ్‌టీ ప్రణాళికలకు గ్రామసభ ఆమోదం తీసుకోవాలి, చేసిన పనుల నివేదికను మళ్లీ గ్రామసభ ముందు పెట్టాలి. గిరిజనుల భూమిలోంచి వచ్చే ఖనిజంలో వాళ్లకు వాటా ఉండాలన్న మాట మన తెలుగు నేల నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లింది. బొర్రా ప్రాంతపు గనుల లీజులపై సమత అనే స్వచ్ఛంద సంస్థ నడిపిన కేసులో 1997లో ఇచ్చిన తీర్పు, నికర లాభంలో కనీసం 20 శాతాన్ని ఆ ప్రాంత అభివృద్ధికి శాశ్వత నిధిగా పక్కన పెట్టాలని చెప్పింది. అలాంటి తీర్పు తెచ్చుకున్న నేల మీద గ్రామసభ సంతకాల రిజిస్టరుగా మిగిలిపోకూడదు. తాగునీటికి ఎంత, బడికి ఎంత, ఆస్పత్రికి ఎంత అని కోయ భాషలో చదివి వినిపించి, జనం చెప్పింది రాసుకోవాలి. ఆడవాళ్లు వచ్చే వేళ చూసి సభ పెట్టాలి.

ఇంకో విషయం ఆలోచిస్తే నిజంగా టెన్షన్ వస్తుంది. బొగ్గు అయిపోతుంది. బెల్లంపల్లిలో గనులు మూతపడ్డాక జనం ఎలా తగ్గిపోయారో చూశాం. ఏడాదికి 10 కోట్లు దాటి వసూలయ్యే ట్రస్టులు వచ్చిన దాంట్లో 10 శాతం వరకు గనులు ఆగిపోయాక వాడుకునేందుకు దాచిపెట్టుకోవచ్చని 2024 నిబంధనలు చెబుతున్నాయి. మా జిల్లాల్లో ఇది ఇప్పుడే మొదలు కావాలి. రేపు మూతపడబోయే గని పక్కన ఇవాళ పదో తరగతి చదువుతున్న పిల్లలున్నారు.

ట్రస్టు పాలక మండలికి అధ్యక్షుడు కలెక్టరు. ఎంపీలు, ఎమ్మెల్యేలు సభ్యులు. వచ్చిన సొమ్ము, సమావేశాల మినిట్స్, మంజూరు చేసిన పనులు, లబ్ధిదారుల జాబితా వెబ్‌సైట్లో పెట్టాలి. ఏటా ఆడిట్ జరగాలి. వెబ్‌సైట్ చూడలేని వాళ్ల కోసం అదే జాబితాను తెలుగులో ప్రతి పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించమని మా కలెక్టరు గారిని కోరుతున్నాను. మీ పత్రికకు కూడా ఒక విన్నపం. లాభాల వాటా వార్త వేసే వారంలోనే బొగ్గు జిల్లాల డీఎంఎఫ్‌టీ లెక్కలు కూడా తెప్పించి వేయండి: ఎంత వచ్చింది, వైద్యానికి ఎంత, నీటికి ఎంత, సిమెంటుకు ఎంత, 15 కిలోమీటర్ల లోపు ఎంత.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
భద్రాద్రి కొత్తగూడెం జిల్లా