అమ్మ మోకాలిని బట్టి దారి మార్చిన ఆంగ్‌కోర్ గైడ్ గారికి

అందరికీ నమస్కారం. తెల్లారితే విమానం. ఒళ్ళు పులిసిపోయింది, అయినా ఇది రాయకుండా పడుకోబుద్ధి కావడం లేదు. కంబోడియాలోని సియెమ్ రీప్‌లో మాకు ఆంగ్‌కోర్ గుళ్ళు చూపించిన గైడ్ గారికి అందరి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలి. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. అన్నయ్య, వదిన, పిల్లలు అమ్మ పక్కనే ఉన్నారు, చేయాల్సిందంతా చేశారు. వాళ్ళు మనవాళ్ళే, ఈయన పరాయి మనిషి.

టూరుకి ముందు రాత్రి ఆయన దగ్గర్నుంచి ఒక మెసేజ్ వచ్చింది: "అమ్మగారికి ఏ మోకాలు నొప్పి, కుడిదా ఎడమదా?" అంతే. అది చదివి ఏడుపొచ్చేసింది. బుక్ చేసినప్పుడు కంపెనీవాళ్ళు పాస్‌పోర్టు నంబరు, హోటల్ పేరు, పికప్ టైము అన్నీ అడిగారు, మోకాళ్ళ మాట ఎవరూ అడగలేదు. అది ఆయన ఊరికే అడగలేదని మర్నాడు తెలిసింది. పాత రాతిమెట్లు పాదం పూర్తిగా ఆననంత సన్నంగా ఉంటాయి, ఒళ్ళు పక్కకి తిప్పి ఎక్కాలి. ద్వారాల దగ్గర గడపలు ఎత్తు. రెయిలింగు ఒకపక్కే ఉన్న చోట ఏ చెయ్యి రెయిలింగుకి, ఏ చెయ్యి మనిషి భుజానికి అన్నది నొప్పి ఏ వైపో తెలిస్తేనే తేలుతుంది. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. ప్రతి గడప దగ్గరా ఆయన ఒక మెట్టు కింద నిలబడి భుజం ఇచ్చారు.

ఆంగ్‌కోర్ వాట్ పడమటి ముఖంగా ఉన్న గుడి. ఎక్కువ టూర్లు పడమటి నుంచే తీసుకెళ్తాయి. అటు నుంచి వెళ్తే 190 మీటర్ల కందకం దాటాలి, లోపల మళ్ళీ సుమారు 350 మీటర్ల రాతిబాట. ఆయన మమ్మల్ని తూర్పు వైపు తీసుకెళ్ళారు. అక్కడ మట్టి కట్ట, చెట్ల నీడ, నేల చదును. జనమంతా పడమట కొలను దగ్గర సూర్యోదయం ఫొటోల్లో ఉన్న వేళకి మేము తూర్పు వసారాలో క్షీరసాగర మథనం ముందున్నాం. పొద్దుటి ఎండ ఏటవాలుగా ఆ గోడ మీదే పడుతుంది. 49 మీటర్ల శిల్పం అది. ఒకవైపు 92 మంది అసురులు, ఇంకోవైపు 88 మంది దేవతలు, నడుమ విష్ణుమూర్తి, కింద కూర్మం. వాసుకి తోక దగ్గర కోతిరూపం చూసి అమ్మ ఆగిపోయింది. "పాలకడలి దగ్గర ఆంజనేయస్వామి ఏంటి?" అంది. మన భాగవతంలో ఆయన లేడు మరి. గైడ్ గారు మడతస్టూలు వేసి అమ్మని అక్కడే కూర్చోబెట్టారు.

మేము పైన బకాన్‌కి, అంటే ఆ గుడి పై అంతస్తుకి వెళ్ళాం. అక్కడికి భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు ఉండాలి, పన్నెండేళ్ళ లోపు పిల్లల్ని పంపరు, బౌద్ధుల పుణ్యదినాల్లో మూసేస్తారు. ఆయన పైకి రాలేదు, అమ్మ దగ్గరే ఉండిపోయారు. మేము దిగేసరికి అమ్మ తెలుగులో కథ చెబుతోంది. ఆయన ఆ గోడ మీద ఒక్కొక్క బొమ్మనీ చూపిస్తూ వాళ్ళ ఖ్మేర్ భాషలో పేరు చెబుతున్నారు. ఒకరి మాట ఒకరికి రాదు, అయినా ఒక్క బొమ్మ కూడా వదలలేదు. ఇది రాస్తుంటే మళ్ళీ గొంతు పట్టేస్తోంది.

తర్వాత బయోన్ గుడిలో పై అంతస్తు వదిలేసి బయటి వసారా చూపించారు. పొరుగు రాజ్యపు చామ్‌లతో పడవల యుద్ధం, సంత, వంటలు, కోడిపందేలు అన్నీ నేల మీద నిలబడే చూడొచ్చు. మిట్టమధ్యాహ్నం హోటల్‌కి పంపేసి, మూడింటికి తా ప్రోమ్ గుడి. దాని పునరుద్ధరణలో మన భారత పురావస్తు శాఖ పాలుపంచుకుంది. అక్కడ ఒక గేటులో దిగి ఇంకో గేటులో ఎక్కాలి. ఆ సంగతి డ్రైవరుకి ముందే చెప్పకపోతే వచ్చిన దారంతా తిరిగి నడవాలి. ఆయన ముందే ఫోన్ చేసి బండిని అటు పంపించారు.

ఒక బాధ మాత్రం చెప్పాలి. మేము కొన్న ప్యాకేజీ పెద్దవాళ్ళకీ కుర్రాళ్ళకీ ఒకటే టైముటేబులు. దాని ప్రకారమైతే నడిమధ్యాహ్నం కూడా రాళ్ళ మీదే తిరగాలి. గుడి టికెట్టు అందులో కలిసిందో లేదో చిన్న అక్షరాల్లో వెతుక్కోవాలి. ఒకరోజు పాసు 37 డాలర్లు, మూడు రోజులది 62. మూడు రోజుల పాసుకి పది రోజుల గడువు ఉంటుంది, వరసగా వాడాల్సిన పని లేదు, నడుమ ఒకరోజు మోకాళ్ళకి విశ్రాంతి ఇవ్వొచ్చు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి ముందు చెప్పాల్సింది ఇదే, అది ఎవరూ చెప్పరు. గైడ్ గారే చెప్పారు. ఆ సలహా వల్లే బాంతే స్రే చూడగలిగాం. 967లో ప్రతిష్ఠ జరిగిన చిన్న గుడి, ఎర్రరాయి, మెట్లు తక్కువ. కైలాసాన్ని కుదిపే రావణుడు, ఖాండవం మీద ఇంద్రుడి వాన అక్కడ అమ్మ మెడ ఎత్తితే కనిపించే ఎత్తులోనే ఉన్నాయి. చివర్లో కంపెనీ పంపిన రివ్యూ ఫారంలో బండి గురించీ సమయం గురించీ ప్రశ్నలున్నాయి, గైడ్ పేరు రాయడానికి గడి లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

బుక్ చేసేవాళ్ళు ఏ కాలు నొప్పో మీరే ముందుగా రాయండి, తూర్పు ద్వారం అడగండి. గుళ్ళ లోపల చూపించడానికి లైసెన్సు బ్యాడ్జి ఉన్న గైడే కావాలి. టుక్‌టుక్ డ్రైవరు ఎంత మంచివాడైనా లోపల వివరించే అనుమతి అతనికి ఉండదు.

అయ్యో, డ్రైవరు గారిని మర్చిపోయాను. ఐసుపెట్టెలో నీళ్ళు, తడిగుడ్డలు పెట్టి ప్రతి గేటు దగ్గరా ఎదురొచ్చారు. కొబ్బరిబొండాల కొట్టు ఆవిడ అమ్మకి తన కుర్చీ ఇచ్చి తను నిలబడింది. ఓఆర్ఎస్ పొట్లాలు ఇచ్చిన రాజమండ్రి కుటుంబానికి కూడా కృతజ్ఞతలు. హోటల్ వంటింటివాళ్ళు చేపసాసు తగలకుండా వేరే మూకుడులో అన్నం వేయించి పొద్దున్నే డబ్బాలో సర్ది ఇచ్చారు. బాంతే స్రే దగ్గర టికెట్టు చూసిన అమ్మాయి గొడుగు పట్టుకుని అమ్మని బండి దాకా తీసుకొచ్చింది, తనకి కూడా.