రెండు డాలర్ల అరవై అయిదు సెంట్లు

ఫ్రిస్కో, టెక్సస్, అక్టోబర్ 22

ఒరేయ్ చలానా,

ముందు తిట్టుకో. తిట్టడం అయ్యాక చదువు. జూన్‌లో నువ్వు రాసినదానికి అక్టోబర్‌లో జవాబిస్తున్నాను, తెలుసు. మధ్యలో రెండుసార్లు మొదలుపెట్టాను. రెండూ "ఒరేయ్ చలానా" దగ్గరే ఆగిపోయాయి.

ఇక్కడ అందరం బాగున్నాం. చిన్నదానికి ముందు పళ్ళు రెండూ ఊడాయి. పెద్దాడు ప్రతి మాటకీ ముందు "యాక్చువల్లీ" తగిలిస్తున్నాడు. నా ఆఫీసు సంగతి అడక్కు. అసలు విషయానికి వచ్చేస్తా, కడుపు ఉబ్బిపోతోంది.

నేను సొంతంగా పన్నులు వసూలు చేశానురా! ఇంట్లో కూర్చుని, 31 మంది దగ్గర, ఏ అధికారమూ లేకుండా. నవ్వకు. సరే నవ్వు, ఆ రోజు కౌంటర్ దగ్గర నిన్ను చూసి నేను నవ్విన నవ్వుకి ఇది వడ్డీతో సహా చెల్లు.

గ్రీన్ కార్డు వచ్చాక మా ఆవిడ చిన్నపిల్లల లంగా జాకెట్లు కుట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతానందని చెప్పాను కదా, జులైలో మొదలుపెట్టాం. మంగళగిరి కాటన్, జత 40 డాలర్లు, పోస్టేజీ మాదే. కుట్టేది తను, ఫోటోలు పెద్దాడివి (యాక్చువల్లీ బాగానే తీస్తాడు), లెక్కలు నావి. నాకే ఎందుకిచ్చిందంటే పదో తరగతిలో లెక్కల్లో నీకంటే రెండు మార్కులు ఎక్కువని పెళ్ళైన కొత్తలో చెప్పుకున్నాను. అప్పుడు చెప్పింది ఇప్పుడు మెడకి చుట్టుకుంది.

తెరిచే ముందు రోజు రాత్రి పదకొండింటికి సెట్టింగుల్లో ట్యాక్స్ పేజీ చూశాను. రాష్ట్రాల పేర్లు వరసగా, ఒక్కోదాని పక్కన ఒక్కో బటన్. నొక్కితే రిజిస్ట్రేషన్ నంబర్ అడుగుతుంది. ఖాళీగా వదిలేసినా ఊరుకుంటుంది. పన్ను తీసుకోకపోతే కదా తప్పు, తీసుకుంటే ఎవడేమంటాడు అనుకుని టకటకా అన్నీ నొక్కేశాను. ఒరెగాన్, మోంటానా, డెలావేర్, న్యూ హాంప్‌షైర్‌లకి నొక్కినా సున్నాయే, వాటిలో సేల్స్ ట్యాక్స్ అనేదే లేదట. టెక్సస్ ఒక్కటే వదిలాను. ఎందుకో చెప్పనా? మనం ఉండే రాష్ట్రం కదా, సేల్స్ ట్యాక్స్ వసూలు చెయ్యడానికి పర్మిట్ వచ్చాక పద్ధతిగా చేద్దామని! వారం తర్వాత పర్మిట్ వచ్చింది. పైసా ఖర్చు లేదు. నలుగురికీ కనబడేలా పెట్టాలన్నారు కాబట్టి ఫ్రేము కట్టించి, కుట్టుమిషన్ పైన గోడకి, వెంకటేశ్వరస్వామి పక్కన తగిలించాం. మా ఆవిడ బొట్టు కూడా పెట్టింది. అందులో ఉన్న నంబర్ సెట్టింగుల్లో ఎక్కించడం మాత్రం మర్చిపోయాను.

సెప్టెంబర్ ఆఖర్లో ఓ శనివారం ఫోన్. న్యూజెర్సీ, ఎడిసన్ నుంచి ఒక పెద్దావిడ. మనవరాలికి లంగా కొన్నారు.

"లంగా బాగుంది బాబూ, బొందు కూడా గట్టిగా ఉంది. రెండు డాలర్ల అరవై అయిదు సెంట్లు ఎందుకు తీసుకున్నారు?"

"అది మీ న్యూజెర్సీ సేల్స్ ట్యాక్స్ అండీ, 6.625 శాతం" అన్నాను. దశాంశాలతో సహా నోటికి వచ్చినందుకు కొంచెం గర్వపడ్డాను కూడా.

"మా దగ్గర బట్టలకి ట్యాక్స్ లేదు బాబూ."

"సాఫ్ట్‌వేర్ వేసిందండీ లెక్క."

"అది లంగా అని సాఫ్ట్‌వేర్‌కి మీరు చెప్పారా?"

చెప్పలేదురా. వస్తువు ఏ రకమో రాసే గడి ఒకటుంది, మీ జీఎస్టీలో ఒక్కో రకం సరుక్కీ ఉండే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ లాంటిది. దాన్ని ఖాళీగా వదిలేశాను. లంగా అయినా గోడగడియారం అయినా దాని కంటికి ఒక్కటే, సరుకు.

"సరే, అది పోనివ్వండి. మీరు న్యూజెర్సీలో రిజిస్టర్ చేసుకున్నారా?"

"లేదండీ."

"మరి ఆ డబ్బు ఎవరికి కడతారు?"

ఒరేయ్, నా నోట మాట రాలేదు. ఆ డబ్బు మా ఖాతాలోనే ఉంది. లాభం అనుకుని దాంతో దారం, హుక్కులు కొన్నాం. (వాటికి మళ్ళీ ట్యాక్స్ కట్టి మరీ! అమ్మే బట్టలో కలిసిపోయే సరుక్కి, కొట్టువాడికి రీసేల్ సర్టిఫికెట్ రాసిస్తే కట్టక్కర్లేదట. అది వేరే ఏడుపు.) ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. "ముప్ఫై ఏళ్ళు అకౌంట్స్‌లో చేశాను బాబూ, ఒకసారి చూసుకోండి" అని పెట్టేశారు. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి నిద్ర లేదు, చదువే. నీకేం, 2017 నుంచి దేశం మొత్తానికీ ఒకటే జీఎస్టీ, దాన్నే రోజూ తిడతావు. ఇక్కడ 45 రాష్ట్రాలూ వాషింగ్టన్ డీసీ ఎవరి సేల్స్ ట్యాక్స్ వాళ్ళవే, దాని మీద కౌంటీలవీ (మన జిల్లాల్లాంటివి) ఊళ్ళవీ. పెన్సిల్వేనియాలో మామూలు బట్టలకి లేదు, న్యూయార్క్‌లో 110 డాలర్ల లోపు వాటికి రాష్ట్రం వేసేది లేదు, మా టెక్సస్‌లో ఉంది. అయితే ఏ రాష్ట్రమైనా నిన్ను వసూలు చెయ్యమనాలంటే దానికీ నీకూ ఏదో ఒక లంకె ఉండాలి, దాన్ని నెక్సస్ అంటారు. 1992 నాటి సుప్రీం కోర్టు తీర్పు ప్రకారం నీ కొట్టో, గోడౌనో, నీ మనిషో అక్కడ ఉంటేనే లంకె. 2018 జూన్ 21న సౌత్ డకోటా రాష్ట్రానికీ, వేఫెయిర్ అనే ఆన్‌లైన్ ఫర్నిచర్ కంపెనీకీ మధ్య కేసులో అదే కోర్టు 5-4 మెజారిటీతో ఆ మాట కొట్టేసింది. మనిషి కాలు పెట్టకపోయినా సరే, ఏడాదికి లక్ష డాలర్ల సరుకో 200 ఆర్డర్లో ఆ రాష్ట్రానికి పంపిస్తే చాలు అని సౌత్ డకోటా గీసిన గీత నిలబడింది. ఇక మిగతా రాష్ట్రాలూ తలో గీతా గీశాయి. కాలిఫోర్నియా 5 లక్షలు పెట్టింది.

లక్ష డాలర్లంటే 2,500 లంగాలు. మేం న్యూజెర్సీకి పంపినవి తొమ్మిది.

అంటే బయట ఒక్క రాష్ట్రానికీ మాతో లంకె లేదు. ఉన్నదల్లా టెక్సస్‌తోనే, మనుషులమూ మిషనూ ఇక్కడే ఉన్నాం కాబట్టి. సరిగ్గా దాన్నే వదిలేశాను! తీసుకోకూడని చోటల్లా తీసుకుని, తీసుకోవాల్సిన ఒక్క చోటా... ఆ రెండు మార్కులు కూడా నీకే ఇచ్చేస్తున్నాను, ఉంచుకో.

తర్వాత వారమంతా వెనక్కిచ్చే పని. 31 ఆర్డర్లూ ఒక్కొక్కటే తెరవడం, ట్యాక్స్ మటుకు కార్డుకి తిప్పి పంపడం, క్షమించమని మెయిల్ పెట్టడం. ఇద్దరైతే స్కామ్ అనుకున్నారు. "ఇలాంటివి చాలా చూశాం, నా బ్యాంక్ వివరాలు ఇవ్వను" అని ఒకాయన గట్టిగా రాశాడు. ఆయన డబ్బు అప్పటికే ఆయన కార్డులో పడింది. డబ్బు తీసుకున్నప్పుడు కిక్కురుమనని వాళ్ళు, ఇస్తానంటే పోలీసు మాట ఎత్తుతున్నారు.

ఇక టెక్సస్ లెక్క. మూడు నెలల్లో 23 జతలు, అన్నీ ఈ చుట్టుపక్కలకే. అందులో ఐదు కలిసొచ్చాయి. ఆగస్టులో, బడులు తెరిచే ముందు, ఒక శుక్ర, శని, ఆదివారాలు 100 డాలర్ల లోపు బట్టలకి ట్యాక్స్ ఎత్తేస్తారు, ఆన్‌లైన్‌కి కూడా. ఆ ఐదూ ఆ మూడు రోజుల్లోనే వెళ్ళాయి. నా తెలివి కాదు, వాటి అదృష్టం. మిగిలిన 18కి 720 డాలర్లు. రాష్ట్రానికి 6.25, ఇక్కడివాళ్ళకి 2, మొత్తం 8.25 శాతం. 59 డాలర్ల 40 సెంట్లు. లంగా కట్టేసుకున్న పిల్లల అమ్మానాన్నల్ని ఇప్పుడేం అడుగుతాం, మా చేతి డబ్బే. "లంగాన్నర పోయింది" అంది మా ఆవిడ. అప్పట్నుంచి ఇంట్లో ఏం ఖర్చైనా లంగాల్లోనే చెబుతోంది.

గడువు ఎప్పుడో ఊహించు. 20వ తారీఖు! నువ్వు నెలనెలా వేసే జీఎస్టీ రిటర్న్, ఆ 3బీ కూడా ఇరవయ్యే కదరా. పైగా ఆలస్యమైతే ఇక్కడ రిటర్నుకి 50 డాలర్లు, నీకక్కడ రోజుకి 50 రూపాయలు. ఒక్క లంగా అమ్మకపోయినా సున్నా రిటర్న్ వెయ్యాల్సిందే, అదీ నీలాగే. ఇన్నేళ్ళూ ఇరవై దగ్గరపడితే నువ్వు ఫోన్ ఎత్తవని తిట్టుకున్నాను చూడు, అవన్నీ వాపసు.

19వ తారీఖు రాత్రి పదకొండు నలభైకి కట్టేశాను. వేళకి కట్టినందుకు టెక్సస్ అర శాతం మనకే వదిలేస్తుంది. మాకొచ్చింది 30 సెంట్లు. స్క్రీన్ మీద అది చూసి ఎంత పొంగిపోయానో, మా ఆవిడని నిద్ర లేపి చూపించాను. చూసి, అటు తిరిగి పడుకుంది.

నిన్న ఎడిసన్ పెద్దమ్మ మళ్ళీ ఫోన్ చేశారు. ఇంకో రెండు జతలు కావాలట, పెద్ద మనవరాలికి. "ఈసారి సున్నా ఉందో లేదో చూసే నొక్కాను బాబూ" అన్నారు. ఆవిడని జీతానికి పెట్టుకుంటే బాగుండునని ఉంది. అడిగితే ఏమంటారో. ఎట్సీ అని, చేతితో చేసినవి అమ్మే సైటు, అందులో కూడా పెడదామంటోంది మా ఆవిడ, అక్కడైతే ట్యాక్స్ వాళ్ళే తీసుకుని వాళ్ళే కట్టేస్తారు, కానీ కమిషన్ చూస్తే... అయ్యో, రెండున్నర అయిపోయింది, చిన్నదాన్ని బడి నుంచి తేవాలి.

అన్నట్టు, పచ్చ సంచి దొరికింది! నా పాత సూట్‌కేసులోనే. లోపల ఆ రసీదు కూడా అలాగే ఉంది, నీ సంతకంతో. ఫోటో రాత్రికి పంపిస్తా, సుబ్బిగాడికి చూపించకు.

నీ
రెండు మార్కులు తక్కువవాడు