ఆటను కూడా ప్రాజెక్టుగా ఒప్పుకోండి

సంపాదకుడు గారికి నమస్కారం.

బీటెక్ ఆఖరి సంవత్సరం ప్రాజెక్టులు రిపోర్టు, బైండింగుతో సహా రెడీమేడ్‌గా దొరుకుతాయని ఇంజినీరింగ్ పిల్లలున్న ఇళ్లలో అందరికీ తెలిసిందే. మా అమ్మాయి మాత్రం కొననని మొండికేసి, ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి గోడాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో బోరు నీళ్ల ఆట ఒకటి తయారుచేసింది. ఐదుగురు రైతులు, భూమి కింద అందరికీ ఒకటే నీళ్లు. వరి వేస్తే డబ్బులు ఎక్కువ, నీళ్లూ ఎక్కువే. కొర్ర వేస్తే రెండూ తక్కువ. అందరూ వరికే పోతే నాలుగో ఏటికి బోర్లన్నీ ఎండిపోతాయి.

పండక్కి ఊరెళ్లినప్పుడు ఫోను మా నాయన చేతిలో పెట్టింది. ఆయన రెండుసార్లు ఆడి, "మీ ఆటలో కరెంటు పోనే పోదేమ్మా?" అని నవ్వాడు. "బోరు ఎండితే ఊరికే కూర్చుంటామా, అప్పు చేసైనా ఇంకోటి వేస్తాం గదా, అదేదీ?" అన్నాడు.

పిల్లలకు ఆ ఆలోచనే రాలేదు! ఇక ఆ సెలవులన్నీ నోటుబుక్కు పట్టుకుని ఎవరి బోరు ఎన్ని అడుగులు, ఎన్ని ఫెయిలయ్యాయి, వడ్డీకి ఎంత తెచ్చారు అని ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చారు. నేను చెబితే వెళ్లేవాళ్లా? పరిశోధన అంటే ఇది కాక ఇంకేమిటండీ?

తీరా కాలేజీలో చూపిస్తే "గేమ్ ప్రాజెక్టు కిందికి రాదు, ఏదైనా మెషీన్ లెర్నింగ్ టాపిక్ తెచ్చుకోండి" అన్నారట.

మా అనంతపురం పల్లెల్లోనే ఎఫ్‌ఈఎస్ అనే స్వచ్ఛంద సంస్థ, అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ కలిసి రైతులతో ఇలాంటి భూగర్భజలాల ఆటే ఆడించాయి, దాని మీద 2018లో పరిశోధనా పత్రం కూడా వచ్చింది. అమెరికాలో తయారైన ఫోల్డిట్ అనే కంప్యూటర్ ఆట ఆడేవాళ్లు శాస్త్రవేత్తలకు ఏళ్ల తరబడి అంతుచిక్కని ఒక వైరస్ ఎంజైము ఆకారాన్ని మూడు వారాల్లో పట్టేశారని 2011లోనే చదివాం. అయితే వీటిలో ఆట తయారుచేసింది పరిశోధకులు, జనం ఆడారు, అంతే. తయారీలోనే పిల్లల్ని కూర్చోబెట్టమని నేను అడుగుతున్నాను, ఎందుకంటే బోరు ఎప్పుడు ఎండాలో లెక్క కట్టాల్సి వచ్చినప్పుడే కదా వాళ్లకు ఆ లెక్క తెలియదని తెలిసింది.

యూనివర్సిటీలు దీనికి క్రెడిట్లు ఇవ్వాలి. భూగర్భజల శాఖ నుంచో వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచో ఒక గైడును, భూగర్భ నీటిమట్టం కొలిచే పీజోమీటర్ల రీడింగులను ఇస్తే చాలు, ఖర్చేమంత కాదు.

కొత్త వెర్షన్‌లో అప్పు బటన్ పెట్టారు. మా నాయన ఇంకా ఆడలేదు.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి, అనంతపురం జిల్లా