ఇకపై మీకంటూ ఒక డాక్టర్

వచ్చే నెల నుంచి మన క్లినిక్‌లో పద్ధతి మారుతోంది. ఇప్పటిదాకా ఆ రోజు ఎవరు ఖాళీగా ఉంటే వారి దగ్గరికి పంపేవాళ్లం. ఇక మీదట ఒక్కొక్కరికీ ఒక డాక్టర్ ఉంటారు. ముందుగా బీపీ, షుగర్, ఆస్తమా ఉన్నవారితో మొదలుపెడుతున్నాం.

దీనివల్ల వచ్చే ఇబ్బంది కూడా చెప్పాలి. మీ డాక్టర్ సెలవులో ఉంటే మామూలు చెకప్‌కి ఒకటి రెండు రోజులు ఆగాల్సి రావచ్చు. జ్వరం, వాంతుల్లాంటివైతే ఎవరున్నా వెంటనే చూస్తారు. ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం అయితే ఇక్కడికి రావొద్దు, నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లండి.

మరి ఎందుకీ మార్పు? బీపీకి రామిప్రిల్, దాంతోపాటు మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర వాడే పెద్దాయన మోకాలి నొప్పితో వచ్చారనుకోండి. కొత్తగా చూసే డాక్టర్ హడావిడిలో డైక్లోఫెనాక్ రాస్తారు. విడివిడిగా చూస్తే ఏ మందూ తప్పు కాదు. మూడూ కలిస్తే మాత్రం కిడ్నీలు దెబ్బతినవచ్చు, అందులోనూ ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు. ఆయన్ని ఎప్పటినుంచో చూస్తున్న డాక్టర్‌కైతే పోయినసారి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత వచ్చిందో గుర్తుంటుంది, చెయ్యి అక్కడే ఆగుతుంది.

నార్వేలో సుమారు 45 లక్షల మంది వివరాలతో చేసిన అధ్యయనం 2022లో అచ్చయింది. ఒకే డాక్టర్ దగ్గర 15 ఏళ్లకు పైగా చూపించుకున్నవారిలో అత్యవసరంగా ఆసుపత్రిలో చేరడం, మరణాలు రెండూ పాతిక నుంచి ముప్పై శాతం దాకా తక్కువగా కనిపించాయి, డాక్టర్‌తో ఏడాది పరిచయమే ఉన్నవారితో పోలిస్తే. అంతా డాక్టర్ వల్లే అని దాన్నిబట్టి తేల్చలేం గానీ, నాకైతే నమ్మకం కుదిరింది.

డాక్టర్ లేని రోజుల కోసం ప్రతి ఫైలుకూ ఒక మొదటి పేజీ పెడుతున్నాం. ఏ మందు ఎప్పుడు మొదలైంది, ఏది ఎందుకు ఆపాం అన్నవి అందులో ఉంటాయి. ఆ ‘ఎందుకు’ చాలా ముఖ్యం. పొడి దగ్గు వస్తోందని ఆపిన మాత్రనే మరొకరు మళ్లీ రాసే ప్రమాదం ఉంది మరి.

ఈసారి వచ్చేటప్పుడు ఇంట్లో వాడుతున్న మాత్రలన్నీ స్ట్రిప్పులతో సహా తెచ్చుకోండి. మెడికల్ షాపులో అడిగి కొన్నవి, ఆయుర్వేదం మందులు కూడా. మేమేమీ అనం. మీకు కేటాయించిన డాక్టర్ నచ్చకపోతే రిసెప్షన్‌లో ఒక్క మాట చెప్పండి, కారణం అడగకుండా మారుస్తాం.